అదే రైలు పెట్టె, కొత్త ఫైటు

తెర నల్లగా ఉంటుంది. తెల్లని చుక్కలు ఎడమ నుంచి కుడికి జరుగుతూ వస్తాయి. ఒక చుక్క పెద్దదై తుపాకీ గొట్టం లోపలి భాగంగా మారుతుంది. ఆ గొట్టంలోంచి చూస్తుంటే సూటు వేసుకున్న మనిషి ఒకడు నడుచుకుంటూ వచ్చి, చటుక్కున మనవైపు తిరిగి కాలుస్తాడు. పైనుంచి ఎర్రగా రక్తం జారుతుంది. జేమ్స్ బాండ్ సినిమా మొదలైందని ప్రపంచంలో ఏ మూల ప్రేక్షకుడికైనా చెప్పేది ఈ చిన్న ముక్కే. 1962లో 'డాక్టర్ నో' కోసం టైటిల్స్ రూపకర్త మారిస్ బైండర్ నిజమైన తుపాకీ గొట్టంలోంచి పిన్‌హోల్ కెమెరాతో దీన్ని తీశాడు. మొదటి మూడు సినిమాల్లో ఆ నడిచే మనిషి షాన్ కానరీ కాదు, బాబ్ సిమన్స్ అనే స్టంట్ మాస్టర్. ఈ సంప్రదాయంలో హీరో కంటే ముందు తెర మీదికి వచ్చినవాడు ఒక ఫైటర్ అన్నమాట.

ఇంత చిన్న ముక్కను ఏ సినిమాలో ఎక్కడ పెట్టారో గమనిస్తే, తీసినవాళ్ల మనసులో ఏముందో అర్థమవుతుంది. నలభై ఏళ్ల పాటు అది సినిమాకు మొట్టమొదట వచ్చింది. 2006లో డేనియల్ క్రెయిగ్ తొలి బాండ్ సినిమా 'క్యాసినో రాయల్' దాన్ని కథలోకి లాగింది. నలుపు తెలుపుల్లో ఒక మరుగుదొడ్డి గదిలో బాండ్ తన మొదటి హత్య చేస్తాడు. చచ్చాడనుకున్నవాడు మళ్లీ తుపాకీ ఎత్తుతాడు. బాండ్ గిర్రున తిరిగి కాలుస్తాడు. ఆ కాల్పే మనకు తెలిసిన తుపాకీ గొట్టం దృశ్యంగా మారిపోతుంది. ఇతను ఇప్పుడిప్పుడే బాండ్ అవుతున్నాడని మాట లేకుండా చెప్పిన పద్ధతి అది. ఆ తర్వాతి రెండు సినిమాల్లో అది చివరికి వెళ్లింది. 2015లో 'స్పెక్టర్' దాన్ని మళ్లీ మొదటికి తెచ్చింది. 2021లో 'నో టైమ్ టు డై'లో మొదటే వచ్చింది గానీ, ఈసారి రక్తం జారలేదు. బాండ్ చనిపోయే సినిమా అదే.

ఒకప్పుడు మన ఊళ్లలో 'పాండవోద్యోగ విజయాలు' ఆడుతుంటే తెల్లవార్లూ కూర్చున్న జనానికి కథ తెలియక కాదు. రాయబారం విఫలమవుతుందని పసిపిల్లలకూ తెలుసు. ఈ కృష్ణుడు పద్యం ఎలా ఎత్తుకుంటాడు, రాగం ఎక్కడ ఆపుతాడు, మొన్న వచ్చిన సమాజం వాళ్ల కంటే ఏం కొత్తగా చేస్తాడు అన్నదే వాళ్లకు కావాలి. బాండ్ సినిమాల బలం కూడా సరిగ్గా అక్కడే ఉంది. తుపాకీ గొట్టం, టైటిల్స్‌కు ముందొక సాహసం, పాట, పై అధికారి ఎమ్ గదిలో పని అప్పగింత, క్యూ ఇచ్చే పరికరాలు, విలన్ స్థావరం, దాని విధ్వంసం అనే వరస దాదాపు స్థిరంగా ఉండిపోయింది. ఆ వరస కదలకుండా ఉంది కాబట్టే, దానిలో చేసిన ప్రతి చిన్న మార్పూ ప్రేక్షకుడి కంటికి ఆనింది. ఇయాన్ ప్రొడక్షన్స్ తీసిన పాతిక సినిమాలు, ఆరుగురు హీరోలు, దాదాపు అరవై ఏళ్లు. ఇరవయ్యో శతాబ్దం రెండో సగంలో పాశ్చాత్య ప్రపంచం దేనికి భయపడిందో, దేన్ని చూసి మురిసిపోయిందో, దేనికి సిగ్గుపడటం ఆలస్యంగా నేర్చుకుందో ఇంత వరసగా చూపించే మరో సినిమా పరంపర నాకు తెలియదు.

ఇయాన్ ఫ్లెమింగ్ రాసిన మొదటి బాండ్ నవల 1953లో వచ్చింది. యుద్ధకాలంలో బ్రిటిష్ నౌకాదళ గూఢచార విభాగంలో పనిచేసిన ఫ్లెమింగ్, జమైకాలోని తన ఇంట్లో కూర్చుని ఈ నవలలు రాశాడు. తన హీరో పేరును వెస్టిండీస్ పక్షుల మీద పుస్తకం రాసిన ఒక పక్షి శాస్త్రవేత్త నుంచి తీసుకున్నాడు. హక్కులు చివరికి ఇద్దరు నిర్మాతల చేతికి వచ్చాయి: అమెరికన్ ఆల్బర్ట్ బ్రోకలీ, కెనడాలో పుట్టిన హ్యారీ సాల్ట్జ్‌మన్. సుమారు పది లక్షల డాలర్లతో తీసిన 'డాక్టర్ నో' 1962 అక్టోబర్ 5న లండన్‌లో విడుదలైంది. ఆనాటికి అదేమంత పెద్ద బడ్జెట్ కాదు. ఎడిన్‌బరోలో ఒకప్పుడు పాలబండి తోలిన షాన్ కానరీని దర్శకుడు టెరెన్స్ యంగ్ తన సొంత దర్జీ దగ్గరికి తీసుకువెళ్లి సూట్లు కుట్టించాడు. నడక, భోజనం దగ్గర పద్ధతి, గదిలోకి వచ్చే తీరు అన్నీ నేర్పాడు. ఆ తెర మనిషిలో సగం యంగే అని ఆ రోజుల్లో వాళ్లతో పనిచేసినవాళ్లు చెప్పేవారు.

కానీ బాండ్ సినిమా అనే రూపాన్ని కట్టినవాళ్లలో నేను ముందు చెప్పుకోవాలనుకునేది ముగ్గురిని: ఎడిటర్ పీటర్ హంట్, కళా దర్శకుడు కెన్ ఆడమ్, సంగీత దర్శకుడు జాన్ బారీ.

అప్పటి బ్రిటిష్ సినిమాలో ఒక మనిషి ఒక చోటి నుంచి మరో చోటికి వెళ్లాలంటే కుర్చీలోంచి లేవాలి, గది దాటాలి, తలుపు తీయాలి, మెట్లు దిగాలి, కారు ఎక్కాలి. హంట్ ఇదంతా కత్తిరించేశాడు. లేచాడు, అంతే, మరుక్షణం అక్కడ ఉన్నాడు. ఫైట్లలో మరీ ముందుకెళ్లి, దెబ్బ తగలడానికి ముందూ వెనకా ఉండే ఫ్రేములు తీసేసేవాడు. కదలిక కాస్త ఎగిరినట్టు అనిపిస్తుంది, కానీ ఆ దెబ్బ మనకే తగిలినట్టు ఉంటుంది. ఈనాడు ఏ భాషలో యాక్షన్ సినిమా చూసినా మనం తింటున్నది హంట్ వండిన వంటే.

కెన్ ఆడమ్ బెర్లిన్‌లో పుట్టిన యూదు. నాజీల నుంచి తప్పించుకుని కుటుంబంతో బ్రిటన్ చేరాడు, యుద్ధంలో బ్రిటిష్ వాయుసేనలో ఫైటర్ విమానాలు నడిపాడు. 'డాక్టర్ నో'లో ఒక గది ఉంది. విలన్ మనకింకా కనిపించలేదు, గొంతు మాత్రమే వినిపిస్తోంది. గదిలో ఒక కుర్చీ, ఒక బల్ల, పైకప్పులో పెద్ద గుండ్రటి రంధ్రం, దానికి ఊచలు. ఆ ఊచల నీడ నేల మీద సాలెగూడులా పడుతుంది. పిలిపించిన మనిషి ఆ పెద్ద గదిలో పురుగులా కనిపిస్తాడు, వాడు అక్కడినుంచి తీసుకెళ్లాల్సింది కూడా ఒక సాలీడునే. చాలా కొద్ది ఖర్చుతో కట్టిన ఆ గదితో బాండ్ విలన్ల గదులన్నీ పుట్టాయి. 'గోల్డ్ ఫింగర్' (1964) కోసం అమెరికా బంగారు నిల్వలుండే ఫోర్ట్ నాక్స్ లోపలి భాగాన్ని ఆడమ్ ఊహించి కట్టాడు, ఎందుకంటే అసలుదాన్ని ఎవరూ చూడనివ్వరు. నిజానికి బంగారాన్ని అంత ఎత్తున పేర్చరు, బరువు ఆగదు. కానీ ప్రేక్షకుడు చూడాలనుకున్నది లెక్కల పుస్తకంలోని బంగారాన్ని కాదు, మెరిసే గోడలను. మూడేళ్ల తర్వాత 'యూ ఓన్లీ లివ్ ట్వైస్' కోసం పైన్‌వుడ్ స్టూడియోలో అతను అగ్నిపర్వతం లోపలి రాకెట్ స్థావరం కట్టాడు. ఆ ఒక్క సెట్టుకే పది లక్షల డాలర్లు అయింది, అంటే అయిదేళ్ల కిందట మొత్తం 'డాక్టర్ నో'కు అయినంత.

సంగీతం దగ్గర మన భారతీయులకు ఆసక్తి కలిగించే విషయం ఒకటుంది. బాండ్ థీమ్ బాణీ కట్టిన మాంటీ నార్మన్, వి.ఎస్. నైపాల్ నవల 'ఎ హౌస్ ఫర్ మిస్టర్ బిశ్వాస్' ఆధారంగా అనుకున్న రంగస్థల సంగీత నాటకం కోసం రాసిన పాట నుంచే దాన్ని తీసుకున్నానని చెప్పాడు. ట్రినిడాడ్‌లోని భారతీయ కుటుంబం కథ అది. ఆ బాణీని జాన్ బారీ ఎలక్ట్రిక్ గిటారు మీదికి, ఇత్తడి వాద్యాల మీదికి ఎక్కించేసరికి దానికి కొత్త ఒంటిరంగు వచ్చింది. బారీ ఆ తర్వాత 1987 దాకా పదకొండు బాండ్ సినిమాలకు సంగీతం చేశాడు.

ఇప్పుడు రైలు పెట్టె దగ్గరికి వద్దాం. ఈ సిరీస్ ఎలా మారుతూ వచ్చిందో ఎవరికైనా చూపించాలంటే నేను నాలుగు రైలు ఫైట్లను వరసగా పెట్టి చూడమంటాను.

మొదటిది 1963 నాటి 'ఫ్రమ్ రష్యా విత్ లవ్'. ఓరియంట్ ఎక్స్‌ప్రెస్‌లో ఇరుకైన పడక గది. రాబర్ట్ షా నటించిన హంతకుడు బాండ్‌ను మోకాళ్ల మీద కూర్చోబెట్టి, తుపాకీ గురిపెట్టి, తీరిగ్గా మాట్లాడతాడు. ఆ మాటల ఉక్కిరిబిక్కిరే సీనుకు ప్రాణం. బాండ్ చేతిలో ఉన్నది ఒక్క బ్రీఫ్‌కేస్. దాన్లో బంగారు నాణేలు, కత్తి, తప్పుగా తెరిస్తే పేలే బాష్పవాయువు డబ్బా ఉన్నాయని మనకు గంట ముందే చూపించారు. నాణేల ఆశ చూపించి, రెండో పెట్టె వాడి చేతే తెరిపిస్తాడు. అప్పుడు మొదలయ్యే పోరులో సంగీతం లేదు. రైలు చప్పుడు, ఊపిరి, గాజు పగలడం, అంతే. దీపం పగిలి గదంతా నీలిరంగు చీకటి. ఎవరు ఎవర్ని కొడుతున్నారో తెలియనంత దగ్గరగా కెమెరా. గెలిచిన బాండ్ జుట్టు చెదిరి, గుండె అదురుతూ నిలబడతాడు. చచ్చిపోయి ఉండేవాడే అని మనకూ అనిపిస్తుంది.

పదేళ్ల తర్వాత, 1973. 'లివ్ అండ్ లెట్ డై'లో రోజర్ మూర్ అదే రైలు పెట్టెలో ఇనుప చెయ్యి ఉన్న మనిషితో తలపడతాడు. ఆ ఇనుప చెయ్యి కిటికీకి పట్టుకుపోతుంది, తీగలు కత్తిరిస్తాడు, మనిషిని బయటికి విసిరేస్తాడు, ఒక చలోక్తి విసురుతాడు. ఇక్కడ ప్రేక్షకుడు భయపడడు, నవ్వుతాడు. 1977లో 'ద స్పై హూ లవ్డ్ మి'లో మళ్లీ రైలు, ఈసారి ఉక్కు పళ్ల జాస్. బాండ్ పగిలిన దీపాన్ని ఆ పళ్లకు తగిలించి కరెంటు షాక్ ఇస్తాడు. రైల్లోంచి కిందపడ్డ జాస్ లేచి బట్టలు దులుపుకుంటాడు. ఇక్కడ చావు అన్నదే లేదు. మూర్ బాండ్‌ను తక్కువ చేసేవాళ్లు చాలామంది ఉన్నారు, నేను వాళ్లలో లేను. వియత్నాం, చమురు సంక్షోభం చూసి అలిసిన డెబ్బైల ప్రేక్షకుడికి నీలిరంగు చీకటి కంటే ఆ నవ్వే ఎక్కువ అవసరమైంది. అదే పెట్టెలో భయాన్ని తీసి వినోదం నింపడం కూడా పనితనమే.

నాలుగోది 2015. 'స్పెక్టర్'లో మొరాకో ఎడారి గుండా వెళ్లే రైలు, డేవ్ బటిస్టా అనే మల్లయోధుడు. సినిమా మొత్తంలో వాడు పలికేది ఒక్క మాట. గోడలు బద్దలవుతాయి, వంటగది చితికిపోతుంది, చివరికి తాడుకు కట్టిన పీపాలు వాడిని రైల్లోంచి లాక్కుపోతాయి. భయం తిరిగి వచ్చింది, బరువు తిరిగి వచ్చింది. కానీ 1963 నాటి ఆ ఇరుకు రాలేదు. ఇరుకే అసలు సంగతి అని నా అభిప్రాయం. ఎంత పెద్ద బడ్జెట్ ఉన్నా ఆ చిన్న గదిని ఎవరూ దాటలేకపోయారు.

స్టంట్ల విషయంలో నేర్చుకోవాల్సిన పాఠం చప్పుడు గురించి. 1974లో 'ద మ్యాన్ విత్ ద గోల్డెన్ గన్' కోసం థాయ్‌లాండ్‌లో ఒక అద్భుతం చేశారు. విరిగిన వంతెన మీది నుంచి కారు గాల్లో ఒక పూర్తి మెలిక తిరిగి అవతలి ఒడ్డున నాలుగు చక్రాల మీద దిగింది. అమెరికాలో కంప్యూటర్ మీద లెక్కలు కట్టి, వేగం, వాలు సరిచూసి, ఒకే టేక్‌లో తీసిన షాట్ అది. కారు గాల్లో తిరుగుతున్నప్పుడు ఆ షాట్ మీద పీపీ బూరలాంటి శబ్దం ఒకటి కలిపారు. ప్రాణాలకు తెగించి చేసిన పని కాస్తా సర్కస్ జోకర్ ఆటలా తయారైంది. ఆ శబ్దం పెట్టినందుకు జాన్ బారీ తర్వాత విచారపడ్డాడు.

మూడేళ్లు గడిచాయి. 'ద స్పై హూ లవ్డ్ మి' మొదట్లో బాండ్ మంచు కొండల మీద స్కీలతో పారిపోతూ కొండ అంచు నుంచి దూకేస్తాడు. కెనడాలోని బాఫిన్ దీవిలో ఆస్గార్డ్ అనే కొండ మీద 1976 జూలైలో రిక్ సిల్వెస్టర్ అనే సాహసి నిజంగానే దూకాడు. సెకండ్ యూనిట్ దర్శకుడు జాన్ గ్లెన్ వాతావరణం అనుకూలించడం కోసం రోజుల తరబడి కాచుకున్నాడు. కెమెరాల్లో ఒక్కటి మాత్రమే ఆ దూకుడును చక్కగా పట్టగలిగింది. దూకిన క్షణాన సంగీతం ఆగిపోతుంది. గాలి చప్పుడు మాత్రమే. స్కీలు ఊడి రాలుతాయి, వాటిలో ఒకటి విచ్చుకుంటున్న పారాచూట్‌ను తాకి పోతుంది కూడా. మనిషి పడుతూనే ఉంటాడు. ఎంతసేపు పడతాడో అని మన గొంతు ఆరిపోయాక బ్రిటిష్ జెండా రంగుల పారాచూట్ విచ్చుకుంటుంది, అప్పుడు థీమ్ అందుకుంటుంది. సామ్రాజ్యం పోయి, అప్పుల్లో కూరుకుపోయిన బ్రిటన్‌లో థియేటర్లు చప్పట్లతో మోగాయి. మూడేళ్ల కిందట బూర పెట్టి పాడుచేసిన చోట ఈసారి మౌనం పెట్టి గెలిచారు. తప్పును సరిదిద్దుకునే ఈ గుణమే ఈ సిరీస్‌ను బతికించింది.

ఆ మౌనం విలువ మరిచిపోయిన సినిమా కూడా వచ్చింది. 2002లో 'డై అనదర్ డే'లో బాండ్ కంప్యూటర్ గీసిన అల మీద, కంప్యూటర్ గీసిన మంచుగడ్డల మధ్య జారుతూ వెళ్తాడు. కారు మాయమైపోతుంది. అక్కడ ఎవరూ దేని మీది నుంచీ దూకలేదని చూస్తున్న కంటికి తెలిసిపోతుంది. ఏడేళ్ల ముందే 'గోల్డెన్ ఐ' కోసం స్విట్జర్లాండ్‌లోని 220 మీటర్ల ఆనకట్ట మీది నుంచి ఒక స్టంట్‌మన్ తాడు కట్టుకుని దూకిన సంగతి గుర్తున్నవాళ్లకు అది మరీ బాధ. నాలుగేళ్ల తర్వాత 'క్యాసినో రాయల్'లో ఆస్టన్ మార్టిన్ కారు ఏడు పల్టీలు కొట్టి గిన్నిస్ రికార్డుకెక్కింది. ఇనుము నలిగిన చప్పుడుతో సిరీస్ మళ్లీ నేల మీదికి దిగింది.

ఇలా పైకెగరడం, దిగడం ఈ సంప్రదాయానికి మొదటి నుంచీ అలవాటు. అగ్నిపర్వతం సెట్టు తర్వాత వచ్చింది 1969 నాటి 'ఆన్ హర్ మెజెస్టీస్ సీక్రెట్ సర్వీస్'. పీటర్ హంట్ దర్శకుడిగా మారి తీసిన సినిమా, జార్జ్ లేజన్‌బీ ఒకే ఒక్కసారి బాండ్. పరికరాలు దాదాపు లేవు. బాండ్ ప్రేమిస్తాడు, పెళ్లి చేసుకుంటాడు, పెళ్లయిన కాసేపటికే భార్య కారులో కాల్పులకు బలవుతుంది. ఆ శవాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్న హీరోతో సినిమా ముగించే ధైర్యం ఆ రోజుల్లో ఇంకెవరు చేశారు? నా లెక్కలో మొత్తం పాతిక సినిమాల్లో ఉత్తమమైనది ఇదే. 'స్టార్ వార్స్' హోరు చూసి 1979లో బాండ్‌ను అంతరిక్షంలోకి పంపిన 'మూన్‌రేకర్' తర్వాత, 1981లో 'ఫర్ యువర్ ఐస్ ఓన్లీ' వచ్చింది. అది బాండ్ భార్య సమాధి దగ్గర మొదలవుతుంది. హంగుల కారు లోటస్ మొదట్లోనే పేలిపోతుంది, బాండ్ ఒక బక్క సిట్రోయెన్ కారులో పడుతూ లేస్తూ పారిపోతాడు. చిన్న కారు ఎక్కించి పెద్ద మాట చెప్పారు.

శత్రువు సంగతి చూస్తే ఒక తెలివైన ఎత్తు కనిపిస్తుంది. ఫ్లెమింగ్ నవలల్లో విలన్లు ఎక్కువగా సోవియట్ మనుషులు. సినిమావాళ్లు 1962లోనే ఆ స్థానంలో స్పెక్టర్ అనే ముఠాను పెట్టి, రెండు వైపులనూ ఆడించే మూడో శక్తిని చూపించారు. అందుకే 1977లో బాండ్ పక్కన రష్యన్ గూఢచారిణి నిలబడినా కథ చెదరలేదు, 1991లో సోవియట్ యూనియన్ కూలినా సిరీస్ కూలలేదు. అయితే ఆ స్పెక్టర్ పేరే కోర్టుకెక్కింది. 'థండర్ బాల్' నవల కథను ఫ్లెమింగ్ తనతో కలిసి అల్లిన స్క్రిప్టు నుంచి వాడుకున్నాడని కెవిన్ మెక్‌క్లోరీ దావా వేసి 1963లో హక్కులు గెలుచుకున్నాడు. డెబ్బైల మధ్య నుంచి ఆ ముఠా పేరు ఇయాన్ ప్రొడక్షన్స్ సినిమాల్లో వినబడకుండా పోయింది, 2013లో రాజీ కుదిరాకే తిరిగొచ్చింది. కాలం మారి విలన్ మారాడని మనం అనుకునే చోట్ల కొన్నిసార్లు మార్చింది వకీళ్లు.

ఎనభైల్లో మాదకద్రవ్యాల ముఠా, తొంభైల్లో యుద్ధాలు రేపి వార్తలమ్ముకునే మీడియా అధిపతి, 2008లో బొలీవియా నీళ్ల మీద కన్నేసిన పర్యావరణ పెద్దమనిషి. వీటిలో చివరిది బలహీనమైన సినిమాలోని బలమైన ఆలోచన. రచయితల సమ్మె మధ్య తీయడంతో ఆ ఆలోచన పండలేదు.

ఆడవాళ్లను చూపించిన తీరు గురించి మాట్లాడకుండా ఈ సినిమాలను మెచ్చుకోవడం న్యాయం కాదు. 'గోల్డ్ ఫింగర్'లో గడ్డివాములో పుసీ గలోర్ పాత్రను బాండ్ లొంగదీసుకునే సీను ఉంది. ఆమె వద్దంటోంది, తోసేస్తోంది. దాన్ని శృంగారమని అమ్మారు. అది బలవంతం. 1995లో జూడీ డెంచ్ ఎమ్‌గా వచ్చి, ఆడవాళ్లను చులకన చేసే పాతకాలపు ప్రాణివని బాండ్ ముఖం మీదే చెప్పింది. అంతకు మూడేళ్ల ముందే బ్రిటన్ అంతర్గత గూఢచార సంస్థ ఎమ్‌ఐ5కు స్టెల్లా రిమింగ్‌టన్ అధిపతి అయింది. సినిమా లోకం వెనక నడిచింది గానీ, నడిచింది. నా దృష్టిలో అసలు మార్పు 'క్యాసినో రాయల్'లోని స్నానాల గది సీనులో ఉంది. మెట్ల మీద బాండ్ ఇద్దరిని చంపడం చూసిన కథానాయిక వెస్పర్, వేసుకున్న బట్టలతోనే షవర్ కింద వణుకుతూ కూర్చుంటుంది. బాండ్ వచ్చి తానూ బట్టలతోనే పక్కన కూర్చుంటాడు. చావు చూసిన మనిషికి ఏమవుతుందో ఈ సిరీస్ నలభై నాలుగేళ్లలో ఇంత నెమ్మదిగా ఎప్పుడూ చూపించలేదు.

మన దేశాన్ని చూపించిన తీరూ అంతే. 1983 నాటి 'ఆక్టోపసీ'లో భారత దృశ్యాలు చాలా భాగం ఉదయ్‌పూర్‌లో తీశారు. కబీర్ బేడీ విలన్ కుడిభుజం, టెన్నిస్ ఆటగాడు విజయ్ అమృతరాజ్ బాండ్ సహచరుడు. ఆటోరిక్షా చేజింగ్‌లో కత్తులు మింగేవాడు, మేకుల పాన్పు, నిప్పుల గుండం, ఒక దాని వెనక ఒకటి. డబ్బిస్తూ బాండ్ కూర గురించి వేసే జోకు ఈనాటికీ చెవికి కటువుగా తగులుతుంది. కెమెరా సరస్సులోని రాజభవనాన్ని ఎంత ప్రేమగా చూసిందో, వీధిలోని మనిషిని అంత తేలిగ్గా చూసింది.

బాండ్‌ను తెలుగువాళ్లు చూస్తూ ఊరుకోలేదు. 'తేనె మనసులు'తో హీరో అయిన కృష్ణ మరుసటి ఏడాదే, 1966లో, మల్లికార్జునరావు దర్శకత్వంలో 'గూఢచారి 116' చేశాడు. 'గోల్డ్ ఫింగర్' వచ్చి అప్పటికి రెండేళ్లే. ఆ సినిమాను జితేంద్రతో 1967లో హిందీలో 'ఫర్జ్' పేరుతో తిరిగి తీశారు. కృష్ణకు ఆంధ్రా జేమ్స్ బాండ్ అన్న పేరు స్థిరపడింది. పైన్‌వుడ్ సెట్లకు అయిన ఖర్చులో పిసరంత కూడా లేకుండా ఆ ఒడుపును మద్రాసు స్టూడియోల్లో పట్టుకున్నారంటే, వాళ్లు అనుకరించింది హంగును కాదు, వేగాన్ని. హంట్ కత్తెర మన ఎడిటింగ్ గదుల దాకా వచ్చింది.

ఇన్ని మార్పులకు నిలకడ ఎక్కడిది? పనివాళ్ల వరస నుంచి. పీటర్ హంట్ ఎడిటర్‌గా మొదలై దర్శకుడయ్యాడు. ఆయన 1969 సినిమాకు ఎడిటరైన జాన్ గ్లెన్ తర్వాత స్కీ షాట్ తీశాడు, ఆపైన 1981 నుంచి 1989 దాకా వరసగా అయిదు బాండ్ సినిమాలకు దర్శకుడయ్యాడు. 'గోల్డ్ ఫింగర్' రోజుల్లో కెన్ ఆడమ్ కింద నమూనాలు గీసిన పీటర్ లామంట్ 1981లో ప్రొడక్షన్ డిజైనర్ అయి 'క్యాసినో రాయల్' దాకా ఉన్నాడు. మధ్యలో ఒక్కటి వదిలాడు, 'టైటానిక్' కోసం, దానికి ఆస్కార్ వచ్చింది. క్యూ పాత్రలో డెస్మండ్ లెవెలిన్ పదిహేడు సినిమాల్లో కనిపించాడు. నిర్మాతలుగా బ్రోకలీ తర్వాత సవతి కొడుకు మైకేల్ విల్సన్, కూతురు బార్బరా బ్రోకలీ వచ్చారు. కొత్త హీరో వచ్చిన ప్రతిసారీ పాతపని తెలిసిన చేతులు వెనక ఉన్నాయి. ఈనాడు ఫ్రాంచైజ్ అన్న మాట ఎక్కువగా వింటున్నాం. దానికి కావాల్సింది ఇలాంటి శిష్యరికమని మన నిర్మాతలు గుర్తిస్తే బాగుంటుంది.

క్రెయిగ్ కాలంలో పాత నియమం ఒకటి తెగింది. అంతకు ముందు బాండ్‌కు వయసు లేదు, ఒక సినిమాలో తగిలిన గాయం తర్వాతి సినిమాకు ఉండదు. 2006 నుంచి అయిదు సినిమాలు ఒకే మనిషి జీవితకథ అయ్యాయి. సిరీస్ యాభయ్యో ఏట వచ్చిన 'స్కైఫాల్' (2012) వంద కోట్ల డాలర్లు దాటింది, రోజర్ డీకిన్స్ కెమెరా షాంఘై రాత్రిని నియాన్ వెలుగులో నీడల ఆటగా మార్చింది, ఎమ్ బాండ్ చేతుల్లో చనిపోయింది. ఆ గొలుసుకట్టు కథ 'స్పెక్టర్' దగ్గర బిగుసుకుపోయింది. విలన్‌ను బాండ్ చిన్ననాటి అన్నలాంటివాడిని చేసి ప్రపంచాన్నంతా కుటుంబ తగాదాకు కుదించారు, అది పొరపాటు. ఆ సినిమాలోని మృతుల పండగ ఊరేగింపు మాత్రం కథ దాటి బయటికొచ్చింది. మెక్సికో నగరంలో అలాంటి ఊరేగింపు అంతకు ముందు లేదు. సినిమా చూసి 2016లో నిజంగానే మొదలుపెట్టారు.

'నో టైమ్ టు డై'లో బాండ్ మరణం చాలామందికి రుచించలేదు. నాకు అది సబబుగానే అనిపించింది. భార్య పోయిన ఆ 1969 సినిమాలో లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ పాడిన పాటనే ఇక్కడ మళ్లీ వాడారు, అంటే ఆ బాకీ గుర్తుంచుకునే తీర్చారు. అయినా సినిమా చివర జేమ్స్ బాండ్ తిరిగి వస్తాడనే పాత వాగ్దానం తెర మీద ఉంది. చనిపోయినవాడు తిరిగి రావడం ఈ సంప్రదాయంలో వైరుధ్యం కాదు. పాత్ర వేరు, దాన్ని కట్టినవాడు వేరు.

2025 ఫిబ్రవరిలో సృజనాత్మక అధికారం బ్రోకలీ కుటుంబం నుంచి అమెజాన్ ఎమ్‌జీఎమ్ చేతికి వెళ్లింది. తర్వాతి సినిమాకు దర్శకుడిగా డెనీ విల్నవ్ పేరు ప్రకటించారు. ఆయన దృశ్యాన్ని నెమ్మదిగా, పెద్దగా, నిశ్శబ్దంగా కట్టగలిగినవాడు, ఆ లెక్కన ఎంపిక మంచిదే. నా భయం దర్శకుడి గురించి కాదు. ఏడాదికో సినిమా, మధ్యలో ధారావాహికలు, పక్క పాత్రల కథలు అంటూ పెద్ద కంపెనీలు సరుకు పెంచే దారిలో పడితే, వాతావరణం కోసం కొండ మీద రోజుల తరబడి కాచుకునే ఓపిక ముందుగా పోతుంది. కొత్త బాండ్ వచ్చేలోగా పాతవాటిలో ఒక్కటే చూసే తీరిక మీకుంటే 1963 నాటి 'ఫ్రమ్ రష్యా విత్ లవ్' చూడండి. రైలు సీను వచ్చినప్పుడు చప్పుడు కాస్త పెంచుకోండి.